రేవు మెట్లకు కంచె వద్దు, ప్రమీలా

ప్రభువు కాపుదలలో ఉన్న నా చెల్లెలు, మన ఊరి సర్పంచ్ ప్రమీలకు, అక్క మార్త బోలెడు ప్రేమతోనూ కాస్త కోపంతోనూ రాస్తున్నది.

ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీరందరూ క్షేమమని తలుస్తాను అని ఆ వెంటనే రాయాలి. నాన్న మన చేత ఏ ఉత్తరం రాయించినా ముందు ఆ ముక్క రాయించి, తర్వాతే సంగతి చెప్పేవాడు. కానీ మీరు క్షేమంగా లేరని నాకు తెలిసిపోయింది కాబట్టి ఈసారి ఆ ముక్క రాయడానికి చెయ్యి రాలేదు. నీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? మరిదిగారికి షుగరు తగ్గిందా? పెద్దమ్మకు కంటి ఆపరేషను అయ్యాక చూపు కుదురుకుందా? నా బిడ్డ కెజియా కడుపునిండా తింటోందా? అడగాల్సినవి అడిగేశాను. ఇక తిట్లు మొదలుపెడతాను. అరుగు మీద అందరి మధ్యా కాకుండా లోపలికెళ్ళి కూర్చుని చదువు.

ఫోను ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుతావు. ఫోనులో నేను ఒక మాట అంటే నువ్వు ఏడుస్తావు. నువ్వు ఏడిస్తే మరిదిగారు ఫోను లాక్కుని, "వదినగారండీ, మీరు కంగారు పడకండి, అన్నీ నేను చూసుకుంటానండి" అంటారు. అంతే, అక్కడితో మాట తెగిపోతుంది. మా రూములో ఉండే రాజోలు అమ్మాయి దీవెన సెలవుకు వస్తోందంటే ఆమె పెట్టెలో ఈ ఉత్తరం పెట్టాను. కాగితం ముందు ఎంత ఏడ్చినా అది చెప్పేది చెబుతుంది.

ముందు నా సంగతి. పని బాగానే ఉంది, దిగులు పడకు. అరబ్బుల ఇంట్లో ఖద్దామాగా చేసినప్పటి కంటే నయం. ఆ ఇంటిపనిలో తలుపు దాటి బయటికొచ్చే వీలుండేది కాదు. ఇప్పుడు మా కంపెనీ నన్ను ఈ ఊరి ఫ్యామిలీ పార్కులో పెట్టింది. లోపల ఆడవాళ్ళ ఈతకొలను ఒకటి ఉంది. దాని గచ్చు కడగడం, తువ్వాళ్ళు ఉతికి మడత పెట్టడం, చిన్నపిల్లలు లోతు వైపు పోకుండా చూడడం నా పని. ఎండంటావా, అది ఎండ కాదు, ఉడుకు. నీడలో నిలబడినా జాకెట్టు పిండుకోవాలి. సముద్రం పక్కనే ఉంది, అయినా ఆకు కదలదు. మెస్సులో కేరళ ఆవిడ వండుతుంది. చేపల పులుసులో కొబ్బరిపాలు పోస్తుంది, చింతపండు అడిగితే మొహం ముడుచుకుంటుంది. ఆ కొబ్బరికాయ మన వైపు నుంచే వచ్చి ఉంటుందిలే అనుకుని తినేస్తాను. బాగానే తింటున్నాను, చిక్కిపోయానని పెద్దమ్మతో చెప్పకు.

ఈ పార్కు బలదియా వాళ్ళది. బలదియా అంటే మన మున్సిపాలిటీ. ఇక్కడా ప్రభుత్వం ఒక్కటే కాదే ప్రమీలా, మనలాగే మెట్లు మెట్లుగా ఉంటుంది. ఊరి బయట పెద్ద స్టేడియం రాజధానిలో ఉన్న మంత్రిత్వశాఖ వాళ్ళది. సముద్రం ఒడ్డున నడిచే బాట జిల్లా ఆఫీసు లాంటి దాని కింద ఉంది. వీధి చివర ఉయ్యాలలు, జారుడుబల్లలు, మా కొలను మాత్రం బలదియావి. వారానికోసారి బలదియా నుంచి ఒక మేడమ్ వస్తుంది, పేరు శంసా. నల్లటి అబాయా వేసుకుని, కాగితాలు చంకలో పెట్టుకుని, తిన్నగా వెళ్ళి ఉయ్యాల ఎక్కి కూర్చుంటుంది. ఒట్టు! రెండు చేతులతో గొలుసులు పట్టుకుని గట్టిగా ఊగుతుంది. కిర్రుమంటే అక్కడికక్కడే ఫోను చేస్తుంది. మొదటిసారి చూసి నేను చీపురు అడ్డం పెట్టుకుని నవ్వాను. ఇప్పుడు ఆవిడ రావడం ఆలస్యమైతే నాకే తోచదు.

ఇక్కడంతా బంగారం అనుకోకు. కొలనులోకి పిల్లల్ని తెచ్చిన ఖద్దామాలు నీళ్ళలో దిగకూడదు. తువ్వాళ్ళు ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చోవాలి. ఒకప్పుడు నేనూ అలా కూర్చున్నదాన్నే. శుక్రవారం వస్తే రోడ్డు పని చేసే మగవాళ్ళు పార్కు గేటు దాకా వచ్చి, కుటుంబాలకే అన్న బోర్డు చూసుకుని, రోడ్డు మధ్యలో గడ్డి మీద కూర్చుని ఇంటికి ఫోన్లు చేసుకుంటారు. వాళ్ళలో మన వైపు వాళ్ళు ఎంతమందో.

అయినా ఉయ్యాల విరిగితే ఎవరిని అడగాలో ఇక్కడ అందరికీ తెలుసు. మన మైదానం సంగతి చెప్పు. ఆ హైస్కూలు మైదానంలోనే కదా మనమందరం ఆడింది! అక్కడ పిల్లల పార్కు కడతామని ఒకరి తర్వాత ఒకరు వచ్చి మూడు శిలాఫలకాలు వేశారు. ఒకటి ఢిల్లీ డబ్బులతో వచ్చే ఉయ్యాలలకి, ఒకటి రాష్ట్రం వాళ్ళ వాలీబాల్ కోర్టుకి, ఒకటి జిల్లా వాళ్ళ నడక బాటకి. మూడింటికీ మూడు సభలు, మూడుసార్లు దండలు, మూడుసార్లు మరిదిగారి ఉపన్యాసం. ఆ రాళ్ళు పక్కపక్కనే ఉన్నాయని పిల్లలు వాటిని వికెట్లు చేసుకున్నారని నువ్వే చెప్పి నవ్వావు.

అందరూ అన్నీ మంజూరు చేశారు. మెరక మాత్రం ఒక్కరూ మంజూరు చెయ్యలేదు! మన పల్లం నేలలో పశువుల పాక వేయాలన్నా ముందు రెండు అడుగులు మట్టి తోలుకుంటాం. పైన కూర్చున్నవాళ్ళకు అది తెలియకపోవచ్చు, మనకేమయింది? సభలో మన పక్కన కూర్చున్న పెద్దమనుషుల్లో ఒక్కరికి నోరు పెగల్లేదా? వచ్చేది పోతుందేమోనని అందరూ చప్పట్లు కొట్టి ఊరుకున్నారు. తీరా స్తంభాలకి గోతులు తవ్వాక నీరు ఊరింది. మట్టి మీరు తోలాలంటే మీరు తోలాలని ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. ప్రమాదమని చుట్టూ ముళ్ళతీగ కట్టేసి పోయారు. వికెట్లు తీగ లోపల, పిల్లలు తీగ బయట.

నిన్ను అడిగితే ఏమన్నావో గుర్తుందా? "నన్నేం చెయ్యమంటావక్కా? మైదానం జిల్లా పరిషత్తుదంట, ఉయ్యాలలు ఢిల్లీవంట, కోర్టు రాష్ట్రానిదంట. తీగ ఎవరిదో కూడా తెలీదు. నాదంటూ ఉన్నది కుర్చీ ఒక్కటే, దాన్లోనూ మీ మరిదిగారే కూర్చుంటారు" అన్నావు. అప్పుడు ఇద్దరం పడీ పడీ నవ్వుకున్నాం. ఇప్పుడు ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతోంది.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆ మధ్య శుక్రవారం (ఇక్కడ సెలవు ఆ రోజే) ఆరాధన అయ్యాక కెజియాకు వీడియో కాల్ చేశాను. జుట్టు జిడ్డు కారుతోంది. తలంటుకోలేదేమే అన్నాను. జడ వెనక్కి తోసుకుంది. పిన్ని పోయలేదా అన్నాను. "పిన్ని పోస్తానందమ్మా, నేనే వద్దన్నాను. మొహం మీద నీళ్ళు పడితే ఊపిరాడట్లేదు" అంది. ఎప్పటినుంచే అంటే వెనక్కి చూసి, గొంతు తగ్గించి, "నీకు చెప్పొద్దంది పిన్ని" అంది. పదకొండేళ్ళ పిల్ల, ప్రమీలా. అమ్మకు చెప్పాలా వద్దా అని దాని మొహంలో ఎంత యాతనో.

తర్వాత ముక్కముక్కలుగా లాగాను. వేసవి సెలవులు. ఏటా లాగే కాలవలు కట్టేశారు, రేవులో బురద తప్ప నీళ్ళు లేవు. ఇదివరకు ఆ రోజుల్లో పిల్లలు మైదానం మీద పడి ఆడేవారు. ఈసారి మైదానం చుట్టూ ముళ్ళతీగ. ఇంకెక్కడికి పోతారు? అందరూ కలిసి గోదావరి పాయకు పోయారు. మోకాలి లోతే కదా అని ఇసుక తిప్ప పక్కన దిగారు. ఇసుక తవ్వుకుపోయిన గొయ్యిలో నా పిల్ల కాలు వేసింది. ఆ పక్కనే రొయ్యలకు వల లాగుతున్న సత్తెమ్మగారు జడ పట్టుకుని ఒడ్డుకు ఈడ్చిందట. దేవుడు ఆవిడను అక్కడ నిలబెట్టకపోతే ఈ ఉత్తరం ఎవరికి రాసేదాన్ని, ఏమని రాసేదాన్ని? సత్తెమ్మగారికి దీవెన చేత ఒక చీర పంపుతున్నాను. నువ్వే స్వయంగా వెళ్ళి ఇచ్చి, నా తరఫున కాళ్ళకు దండం పెట్టు.

నాకెందుకు చెప్పలేదే? అక్క అక్కడ ఒక్కతే గాభరా పడిపోతుందనా? వాళ్ళ నాన్న పోయిన రోజునుంచి కెజియాను నీ చేతుల్లో పెట్టాను. నువ్వు కన్నబిడ్డకంటే ఎక్కువగా చూస్తున్నావు, ఆ మాట ఎవరి ముందైనా చెబుతాను. కానీ నా బిడ్డ నీళ్ళు మింగిన సంగతి నాకు తెలియకపోవడం ఏమిటి? ఆ రోజంతా ఇక్కడ నేను ఏ తువ్వాళ్ళు మడత పెట్టుకుంటూ, ఏ పాట కూనిరాగం తీసుకుంటూ ఉన్నానో అని తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేసింది. నిన్ను బాగా తిట్టుకున్నాను. ప్రార్థనలో కూడా తిట్టాను, దేవుడు క్షమించాలి.

ఆ మరుసటి వారం కొలను దగ్గర ఒకటి జరిగింది. రెండు జడల పిల్ల ఒకతి గట్టు మీద పరిగెత్తి, జారి లోతు వైపు పడింది. నేను అక్కడే ఉన్నాను. గచ్చు తుడిచే కర్ర నా చేతిలో ఉంది, అది చాపినా అందేది. నేను కదల్లేదు. నీళ్ళలో నాకు ఆ పిల్ల కనబడలేదు, కెజియా కనబడింది. ఈత నేర్పే ఫిలిప్పీన్స్ అమ్మాయి లీజా దూకి బయటికి తీసింది. పిల్ల దగ్గి, ఏడ్చి, ఐస్‌క్రీం కావాలంది. నేను తువ్వాళ్ళ గదిలోకి పోయి, తలుపు వేసుకుని, నోట్లో గుడ్డ పెట్టుకుని ఏడ్చాను.

లీజా వెతుక్కుంటూ వచ్చింది. తనకు తెలుగు రాదు, నాకు తన భాష రాదు, వచ్చీరాని అరబ్బీలో ఇద్దరం నెట్టుకొస్తాం. నీకు ఈత రాదా అంది. రాదన్నాను. నీళ్ళ దేశం నుంచి వచ్చానంటావు కదా అంది. ఏం చెప్పను? మన రేవు, మన మెట్లు, నాన్న లాకుల తలుపులు ఎత్తి దించే లస్కరు, నా వాటాకి మాత్రం నీళ్ళు రాలేదు. నీకు నాన్న ఈత నేర్పిన ఏడాదే నేను పెద్దమనిషినయ్యాను. ఇంక రేవులో గంతులేమిటి, మగపిల్లలు చూస్తారని అమ్మ నన్ను మెట్ల మీద కూర్చోబెట్టింది. నువ్వు నీళ్ళలో, నేను నీ పొడి బట్టలు ఒళ్ళో పెట్టుకుని గట్టు మీద. ఇక్కడికొచ్చీ అదే పని, తువ్వాళ్ళు పట్టుకోవడం.

పొద్దున్నే పార్కు తెరవకముందు కొలను కడుగుతాం కదా, అప్పుడు దిగమంది లీజా. శంసా మేడమ్‌ను అడిగింది కూడా. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, నీళ్ళ పక్కన పని చేసే మనిషికి ఈత రాకపోవడం కంపెనీ తప్పు, నేర్చుకోనివ్వమంది. మనవళ్ళను ఎత్తుకునే వయసు వస్తుంటే నీళ్ళలో దిగాను చెల్లీ! సిగ్గుతో చచ్చాను. మొదటి రోజు మెట్టు దిగనేలేదు. రెండో రోజు మెడ దాకా దిగి ఆరో కీర్తనో ఎనిమిదో కీర్తనో కలిపేసి చదివాను. లీజా నా కడుపు కింద చెయ్యి పెట్టి పడుకోమంది. వదిలేస్తావా అంటే వదలను అంది. అలా ఎన్ని పొద్దులో. ఒక పొద్దున ఈ గట్టు పట్టుకున్నదాన్ని ఆ గట్టు పట్టుకున్నాను. వెనక్కి తిరిగి చూస్తే లీజా అక్కడే నిలబడి రెండు చేతులూ ఊపుతోంది. ఎంత ఆనందం వేసిందో చెప్పలేను, వెంటనే ఎంత ఏడుపు వచ్చిందో కూడా చెప్పలేను. పక్కవాళ్ళ పిల్లలకు నేర్పే చోట నేను నేర్చుకున్నాను. నా పిల్ల అక్కడ మొహం మీద చెంబెడు నీళ్ళు పోసుకోలేకపోతోంది. కోనసీమలో పుట్టినది నీళ్ళకు భయపడి ఎలా బతుకుతుందే? రేపు కాలేజీకి పోవాలంటే పంటు ఎక్కి పాయ దాటాలి కదా.

ఇలా ఉండగా మరిదిగారు ఫోను చేశారు. ఆయన గొంతులో అంత హుషారు నువ్వు గెలిచిన రోజు విన్నాను, మళ్ళీ ఇప్పుడే.

"వదినగారండీ, మీకో మంచి మాటండి. మన రేవు దగ్గిర టూరిజం వాళ్ళు బోటింగ్ పాయింటు పెడతాకి ఒప్పుకున్నారండి. దిండిలో లాగేనండి. మన పేటలో కుర్రాళ్ళు ఇంక గల్ఫు ఎళ్ళక్కర్లేదండి, ఇక్కడే బోటు మీద ఉద్యోగాలండి. మీక్కూడా లేడీస్ సైడు చూసుకునే పని చెప్పుంచేనండి. ఆయ్, మీరింక వచ్చేయొచ్చండి!"

వచ్చేయొచ్చు! ఆ మాట కోసం ఎన్నాళ్ళుగా కాచుకుని ఉన్నానో నీకు తెలుసు. అయినా, మరి పిల్లలు ఈత కొట్టే మెట్లు ఏమవుతాయండి అన్నాను.

"మెట్లకి ఫెన్సింగు వేసేస్తారండి. టిక్కెట్టున్నోళ్ళకే గేటండి. సేఫ్టీ అండి. మన పాపకి అలా అయ్యేక నేనే గట్టిగా అడిగి పెట్టించేనండి. ఇంక ఏ పిల్లా నీళ్ళ దగ్గిరకి ఎళ్ళదండి. గ్రామసభలో ప్రమీల సంతకం అయిపోతే చాలండి."

ఆయన మంచికే చేశారు. మన కెజియా మీద ప్రేమతోనే చేశారు, నేను కాదనను. అందుకే నాకు మరీ భయం వేసింది. పిల్ల నీళ్ళలో మునిగిందని నీళ్ళ చుట్టూ కంచె వేస్తున్నారు. మైదానం చుట్టూ తీగ కడితే పిల్లలు పాయకు పోయారు. రేపు రేవు చుట్టూ కంచె కడితే ఎక్కడికి పోతారు? మళ్ళీ పాయకే పోతారు, ఈసారి ఈత రాకుండా పోతారు. సత్తెమ్మగారు రోజూ అక్కడ వల లాగదు కదే.

బోట్లు వద్దనడం లేదు. రానివ్వు. టూరిజం వాళ్ళు పెద్దవాళ్ళు, పెద్ద బోట్లు తెచ్చుకుంటారు, పేటలో కుర్రాళ్ళకు పని దొరుకుతుంది, మంచిదే. కానీ వాళ్ళకు రేవు మెట్లే ఎందుకు? లాకు దిగువన, నాన్న ఉన్న క్వార్టర్ పక్కన గట్టు వెడల్పుగా ఉంది, కారు కూడా తిరుగుతుంది. అక్కడ ఇవ్వమని అడుగు. కాలవ గట్టు కాలవల శాఖ వాళ్ళదని మరిదిగారు అంటారు. అవును, గట్టు వాళ్ళదే. కానీ ఆ మెట్లు పంచాయతీ వేసినవి. మన చిన్నప్పుడు ఇంటికొక మనిషి వచ్చి రాళ్ళు మోసి వేసినవి. ఊరు ఒప్పుకుంటున్నట్టు తీర్మానం కావాలని నీ దగ్గరకు వచ్చారంటే, నీ మాటకు ఎంతో కొంత బరువు ఉన్నట్టే కదా.

ఢిల్లీ వాళ్ళది, రాష్ట్రం వాళ్ళది, జిల్లా వాళ్ళది అని మైదానం గురించి చెప్పావు. సరే. ఈ మెట్లు నీవి. పాకుడు గీకించడానికి ఎవరి మంజూరూ అక్కర్లేదు. నీళ్ళున్న నెలల్లో సాయంత్రం పూట ఈత వచ్చిన ఒక ఆడమనిషిని ఈల ఇచ్చి మెట్ల మీద కూర్చోబెట్టడానికి ఏ మంత్రీ వచ్చి రాయి వేయక్కర్లేదు. వారానికోసారి నువ్వే వెళ్ళి మెట్ల పక్కన ఆసరాకి కట్టిన ఉక్కు గొలుసు పట్టుకుని లాగి చూడు, మా శంసా మేడమ్ లాగ. ఊరు నవ్వితే నవ్వనీ. నేనూ మొదట ఆవిడను చూసి నవ్వినదాన్నే.

కంచె వేసే కాగితం మీద మాత్రం సంతకం పెట్టకు. సంతకం నీది, మరిదిగారిది కాదు. ఆయన అలుగుతారు, రెండు పూటలు అన్నం మానేస్తారు. మూడో పూట పులస కాకపోయినా ఏదో ఒక పులుసు పెట్టు, దిగొస్తారు. అక్క ఉద్యోగం పోతుందే అని ఆలోచిస్తావేమో. ఆలోచించకు. నాకు ఇంటికి రావాలని ఎంత ఉందో రాస్తే ఈ కాగితం చాలదు. పొద్దున్న లేవగానే పైకప్పు చూసి ఇది మన ఇల్లు కాదు అని గుర్తు తెచ్చుకోవడంతోనే నా రోజు మొదలవుతుంది. అయినా గేటు దగ్గర కూర్చుని మన పేట పిల్లల్ని టిక్కెట్టు ఏదే అని అడిగే ఉద్యోగం నాకు వద్దు. ఇక్కడ గేటు బయట నిలబడినవాళ్ళను చూస్తూనే ఉన్నాను, అది నా ఊళ్ళో నా చేత్తో చేయలేను. ఇంకొన్నాళ్ళు ఇక్కడే ఉంటాను. బాగానే ఉంటాను. నిజంగానే బాగానే ఉన్నాను.

ఇంకొక పని. ఇది సర్పంచ్‌కు కాదు, నా చెల్లెలికి చెబుతున్నాను. జూన్‌లో కాలవలు వదులుతారు కదా, మొదటి నీళ్ళలో చెత్తా పాములూ కొట్టుకొస్తాయి, ఓ వారం ఆగు. తర్వాత దొడ్లో పీచు డొక్క తీయని ఎండు కొబ్బరికాయలు రెండు చూసి, నీకు నాన్న కట్టినట్టే తాడుకు చెరొక వైపూ కట్టు. కెజియాను రేవుకు తీసుకెళ్ళు. ముందు మెట్టు మీద కూర్చోబెట్టి కాళ్ళే తడపనీ. ఎన్ని రోజులైనా సరే, ఏడిస్తే ఇంటికి తెచ్చెయ్యి, మర్నాడు మళ్ళీ తీసుకెళ్ళు. నువ్వు కూడా దిగు. పెళ్ళయ్యాక నువ్వు నీళ్ళలో దిగలేదు, నాకు తెలుసు. పంచాయతీలో నీకంటే బాగా ఈదేవాళ్ళు ఎవరున్నారే? సర్పంచ్‌గారు కాలవలో దిగిందని చెప్పుకుంటారు. చెప్పుకోనీ, ఆ వంకనైనా ఆ మెట్ల జోలికి ఎవరూ రారు. వీలైతే పేట పిల్లలందరినీ దింపు, ఆడపిల్లల్ని ముందు దింపు. పెద్దమనిషి అయిందని ఎవరైనా తమ పిల్లను గట్టు మీద కూర్చోబెడితే ఆ తల్లికి నా ఫోను నంబరు ఇవ్వు, నేను మాట్లాడతాను.

దీవెన చేత పంపినవి: ఖర్జూరాలు, పెద్దమ్మకు నొప్పుల మందు, మరిదిగారికి చేతి గడియారం (ముందు సంతకం సంగతి తేల్చి ఆ తర్వాత ఇవ్వు), సత్తెమ్మగారికి చీర, కెజియాకు పొడుగు చేతుల ఈత బట్టలు. వాటితోపాటు ఒక ఈల ఉంది, అది మెట్ల మీద కూర్చునే మనిషికి. దీవెన తిరిగొచ్చేటప్పుడు నాకు ఎండు మెత్తళ్ళు, కాస్త కొత్త చింతపండు పంపు. మెత్తళ్ళు బాగా కట్టి పంపు, పోయినసారి వాసనకు పెట్టెలో బట్టలన్నీ ఉతుక్కోవాల్సి వచ్చింది.

పెద్దమ్మ పాదాలకు నా దండాలు. నా కోసం మోకరించడం మానొద్దని చెప్పు, ఆవిడ ప్రార్థన నన్ను మోస్తోంది. పాస్టరుగారికి, పాస్టరమ్మగారికి వందనాలు. మరిదిగారికి నమస్కారాలు, ఆయన మీద నాకు కోపం లేదని చెప్పు, కాస్తే ఉందని చెప్పు. కెజియాకు రెండు బుగ్గల మీదా ముద్దులు.

దేవుని కృప మీ గడప మీద నిలవాలని కోరుకుంటూ,

నీ తోడబుట్టినది,
మార్త

అంటించబోతూ మళ్ళీ విప్పాను, ఒక్కమాట మరిచాను. నీకు ఈత ఎలా వచ్చిందో నీకు తెలియదు, నాకు తెలుసు. నాన్న నీ కడుపు కింద చెయ్యి పెట్టి, "పట్టుకున్నానమ్మా, పట్టుకున్నాను" అంటూ నీ వెనకే నడిచేవాడు. నీకు వెనక కనబడేది కాదు. మెట్ల మీద కూర్చున్న నాకు కనబడేది. ఆయన రెండు చేతులూ నీళ్ళ పైన ఉండేవి. చెప్పెయ్యబోతే నన్ను చూసి వేలు నోటికి అడ్డం పెట్టుకునేవాడు. కెజియాకు నువ్వూ అలాగే చెప్పు. ఆ రోజు వీడియో కాల్ చేసి ఫోను మెట్ల మీద, నేను కూర్చునే చోట పెట్టు. దానికి చెప్పను. నోరు మూసుకుని చూస్తూ కూర్చుంటాను.